కాకెత్తుకుపోయిన మాటలు

మా అమ్మాయి చదివే బడిలో ఈమధ్య తల్లిదండ్రుల కోసం ఒక ఉపన్యాసం పెట్టారు. వచ్చినాయన బాగానే మాట్లాడాడు. మధ్యలో తెర మీద మార్ష్‌మెల్లో వీడియో వేశాడు. ఒక చిన్నపిల్ల, ఎదురుగా ప్లేటు, ప్లేటులో ఒక మిఠాయి. ఇప్పుడే తినకుండా ఆగితే రెండోది కూడా ఇస్తామంటారు. ఆ పిల్ల మిఠాయిని వాసన చూస్తుంది, వేలితో నొక్కుతుంది, కళ్ళు మూసుకుంటుంది. హాలంతా నవ్వులు. ఆగగలిగిన పిల్లలే జీవితంలో పైకొస్తారని ముగించి, ఇంటికెళ్ళి మీరూ చేసి చూడండి అన్నాడాయన.

చేసి చూశారు. ఆ రాత్రికే క్లాసు వాట్సాప్ గ్రూపు వీడియోలతో నిండిపోయింది. డెయిరీ మిల్క్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లలు, జెమ్స్ కనపడకుండా గోడవైపు తిరిగిపోయిన పిల్లలు. వాటి కింద చప్పట్ల బొమ్మలు, దిష్టి తగలకుండా పెట్టిన బొమ్మలు. ఒక్క వీడియోలో మాత్రం పిల్లాడు వాళ్ళ నాన్న షరతు చెప్పడం పూర్తికాకముందే చాక్లెట్ నోట్లో వేసేసుకున్నాడు. "వీడింతే, నో కంట్రోల్" అని రాశాడాయన.

ఆ పిల్లాడు నాకు తెలుసు. వాడికి మూడేళ్ళు పెద్దవాడైన అన్న ఉన్నాడు. ఒక పుట్టినరోజు ఫంక్షన్లో వీడి ప్లేటులోని కేకు మీద చెర్రీని వాడు లాక్కుపోతుంటే చూశాను. వీడు రాగం అందుకోగానే వాళ్ళమ్మ "పోనీలే నాన్నా, నీకు ఇంకోటి పెట్టిస్తాగా" అంది. ఆమె అటు తిరిగేసరికి ఎవరో పలకరించారు, కేకు అయిపోయింది, ఆ ఇంకోటి రాలేదు. అలాంటి అనుభవం ఉన్నవాడు దొరికింది దొరికినట్టు మింగేస్తే దాన్ని కంట్రోల్ లేకపోవడం అనాలా? నాకైతే అది లెక్క తెలిసినవాడి పనిలాగే కనిపించింది.

అప్పటి నుంచీ నా బుర్రలో నలుగుతున్నది ఇది. పిల్లల సైకాలజీ పేరుతో మన చెవిన పడేదంతా పిల్లల్ని ఎలా దారిలో పెట్టాలన్న దాని మీదే ఉంటుంది. ఆ పరిశోధనల్నే కాస్త నిదానంగా చదివితే, వాటిలో చాలావరకు పెద్దవాళ్ళ మాట మీద నిలబడి ఉన్నాయనిపిస్తుంది. పిల్లల ఓర్పు, మొండితనం, భయం, ఆఖరికి వాళ్ళు ఆడే అబద్ధాలు కూడా ఆ ఇంట్లో మాటకు ఎంత విలువుందో దాన్నిబట్టే నడుస్తాయి.

ఆగని పిల్లాడి లెక్క

వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు ఈ మిఠాయి ప్రయోగాలు చేసింది 1960ల చివర్లో, 70ల మొదట్లో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోని బింగ్ నర్సరీ స్కూల్లో. అక్కడి పిల్లల్లో చాలామంది ఆ యూనివర్సిటీ వాళ్ళ పిల్లలే. ఎక్కువసేపు ఆగినవాళ్ళకు పెద్దయ్యాక పరీక్షల్లో స్కోర్లు కూడా ఎక్కువ వచ్చాయని 1990లో ఒక పత్రం వచ్చింది. ఉపన్యాసాల్లో వినిపించేది దాని సారాంశమే. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ అనే ముగ్గురు 900 మందికి పైగా పిల్లల వివరాలు తీసుకుని మళ్ళీ చూశారు. ఈసారి డిగ్రీ చదవని తల్లుల పిల్లల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. ఆగడానికీ తర్వాతి చదువుకీ ఉన్న సంబంధం మొదట చెప్పినదాంట్లో సగమే తేలింది. ఇంటి పరిస్థితులూ, చిన్నప్పటి తెలివితేటలూ కూడా లెక్కలో వేసుకుంటే ఆ సగంలో మూడింట రెండు వంతులు ఎగిరిపోయింది.

నాకు ఇంతకంటే ఆసక్తిగా అనిపించింది 2013లో రోచెస్టర్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక చిన్న ప్రయోగం. చేసినావిడ సెలెస్ట్ కిడ్. అంతకుముందు ఆమె ఇల్లులేని కుటుంబాలు తలదాచుకునే షెల్టర్‌లో పనిచేసింది. అక్కడి పిల్లలకు ఈ మిఠాయి పరీక్ష పెడితే ఒక్కరూ ఆగకుండా తినేస్తారని ఆమెకు అనిపించిందట. ఆమె బృందం 28 మంది పిల్లల్ని తీసుకుని, మిఠాయి కంటే ముందు బొమ్మలేసే పని ఇచ్చింది. అరిగిపోయిన రంగులు చూపించి, "కాసేపు ఆగితే మంచివి తెస్తా" అని చెప్పి వెళ్ళారు. సగం మందికి నిజంగానే తెచ్చిచ్చారు. మిగతా సగం దగ్గరికి వట్టి చేతులతో వచ్చి, "సారీ, లేవు, వీటితోనే కానిచ్చెయ్" అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ ఇదే తంతు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్ళు 3 నిమిషాలు. పూర్తిగా 15 నిమిషాలూ ఆగినవాళ్ళు మొదటి 14 మందిలో 9 మంది, రెండో 14 మందిలో ఒక్కడు.

28 మందంటే చిన్న లెక్కే, దాన్ని పట్టుకుని ఊరేగక్కర్లేదు. అయినా అందులో ఒక సంగతి మింగుడుపడదు. ఆ పిల్లల ముందు మాట తప్పింది కేవలం రెండుసార్లు, అదీ ముక్కూ మొహం తెలియని మనిషి. మనం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు "తర్వాత ఇస్తా", "సాయంత్రం తీసుకెళ్తా", "నాన్న వచ్చేటప్పుడు తెస్తాడు" అంటామో ఎవరైనా రాసిపెడితే తెలుస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే ఈ నమ్మకం సంగతి మిషెల్‌కు తెలియనిదేం కాదు. స్టాన్‌ఫర్డ్‌కు ముందు, 1950ల చివర్లో ఆయన ట్రినిడాడ్‌లో పిల్లలతో ఇలాంటి పనే చేశాడు. తండ్రి ఇంట్లో లేని పిల్లలు ఆగడానికి అంతగా ఇష్టపడకపోవడం అక్కడే గమనించాడు. రేపిస్తానన్న మనిషి రేపు ఉంటాడా అన్న ప్రశ్న మొదటి నుంచీ ఉంది. వీడియోలో అది కనపడదు, అంతే.

చీమ కుట్టినట్టుంటుంది

పిల్లల డాక్టరు దగ్గర టీకా గదిలో వినపడే మాట ఒకటే. "ఏం నొప్పుండదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది." సూది దిగుతుంది. పిల్ల కేక పెడుతుంది. ఆ కేకలో నొప్పితోపాటు ఇంకేదో కూడా ఉంటుంది. టీకాల నొప్పి తగ్గించడం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచనలు ఇస్తూ, తప్పుడు భరోసా ఇచ్చే మాటలు, అపనమ్మకం పెంచే మాటలు వాడొద్దని చెప్పింది. "ఒక్క క్షణమే నొప్పి" అనడం కూడా వద్దన్నవాటిలోనే ఉంది.

మా ఆయన ఈ విషయంలో మొదటి నుంచీ నాకంటే గట్టి. ఐదేళ్ళ టీకాకు వెళ్ళినప్పుడు మా అమ్మాయికి దారిలోనే చెప్పేశాడు, "నొప్పి పుడుతుందమ్మలూ, ఏడుపొస్తే ఏడువు, నా చెయ్యి పట్టుకో" అని. ఏడుపులో ఏమైనా తేడా వచ్చిందా అంటే లేదు. మిగతా పిల్లలు ఎంత ఏడ్చారో మాదీ అంతే ఏడ్చింది, పైగా వాళ్ళ నాన్న చెయ్యి రక్కింది. తేడా ఇంకో చోట కనపడింది. తర్వాత కొన్నాళ్ళకు పళ్ళ డాక్టరు కుర్చీ ఎక్కి, ఆయన చేతిలోని చిన్న అద్దం చూసి బిగుసుకుపోయింది. "ఇది నొప్పి పుట్టదు, చూడ్డానికే" అన్నాడు వాళ్ళ నాన్న. ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి నోరు తెరిచింది.

2014లో చెల్సీ హేస్, లెస్లీ కార్వర్ అనే ఇద్దరు 186 మంది పిల్లలతో చేసిన పనొకటుంది. కొందరు పిల్లలతో "పక్క గదిలో పెద్ద గిన్నె నిండా మిఠాయిలున్నాయి, తెచ్చుకుందామా" అని చెప్పి, కాసేపటికి "లేవులే, ఊరికే నిన్ను ఆడుకోడానికి రప్పించాలని అలా అన్నా" అని ఒప్పుకున్నారు. తర్వాత ఒక ఆటలో వెనక్కి తిరిగి చూడొద్దని చెప్పి బయటికి వెళ్ళారు. బడికెళ్ళే వయసు పిల్లల్లో, అబద్ధం వినని వాళ్ళు దాదాపు 60 శాతం మంది తొంగిచూస్తే, విన్నవాళ్ళు దాదాపు 80 శాతం మంది చూశారు. చూసి కూడా చూడలేదని బొంకినవాళ్ళూ వాళ్ళలోనే ఎక్కువ. మరీ చిన్నపిల్లల్లో మాత్రం ఏ తేడా లేదు.

ఇదంతా చెప్తే మా అత్తయ్య నవ్వుతుంది. "మీ ఆయన్ని బూచాడని చెప్పే అన్నం పెట్టాను. చెడిపోయాడా?" అంటుంది. ఈ ప్రశ్న దగ్గర నేను ప్రతిసారీ కాస్త తడబడతాను, ఎందుకంటే ఆవిడ అనేదాంట్లో సగం నిజముంది. చెయ్యి వెనక దాచి "కాకెత్తుకుపోయింది" అంటే పిల్ల కిలకిలా నవ్వుతుంది. అది కాకి కాదని దానికి తెలుసు, మనకి తెలుసు, దానికి తెలుసని కూడా మనకి తెలుసు. చందమామ దిగొచ్చి ముద్ద తింటాడనడమూ ఇంతే. వీటిని అబద్ధాల పట్టీలో రాసి గుంజిళ్ళు తీయించే మనిషిని కాదు నేను. కథా కల్పనా లేని ఇల్లు ఎంత చప్పగా ఉంటుందో ఊహించుకోలేను. నేను అంటున్నది పిల్ల నిజంగా నమ్మి, ఆ నమ్మకం మీద ఏదో ఒకటి వదులుకున్న సందర్భాల గురించి. "నువ్వు బొమ్మ ఇచ్చెయ్, నీకు రేపు కొంటా" అంటే అది బొమ్మ ఇచ్చేసింది.

ఇంకో సందర్భంలో మాత్రం నాకే ఏం చెప్పాలో తెలియదు. మా బంధువుల్లో ఒకాయన పోయినప్పుడు నాలుగేళ్ళ మనవడికి "తాతయ్య ఊరెళ్ళాడు" అని చెప్పారు. చావు గురించి అంత చిన్నవాడికి ఏం చెప్తాం, నిజమే. వాడు కొన్నాళ్ళపాటు ఎవరు బ్యాగు సర్దుకున్నా గుక్కపట్టి ఏడ్చేవాడు. వాళ్ళమ్మ ఆఫీసు పని మీద ఒక్కరోజు వైజాగ్ వెళ్ళాలన్నా ఇంట్లో రణరంగమే. పోయాడని చెప్పి ఉంటే వాడికి తేలిగ్గా ఉండేదా? చెప్పలేను. ఊరెళ్ళడం అనే మామూలు సంగతి వాడికి అంత భయంకరంగా మారకుండా ఉండేదని మాత్రం అనిపిస్తుంది.

ఏడిస్తే వస్తుంది

పిల్లల మొండితనం గురించి స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ప్రయోగాల్లోని పావురాలూ ఎలుకలూ చెప్పినంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు. అసలు ఆ సంగతి ఆయన కంటపడిన తీరే తమాషాగా ఉంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఎలుకకు ఒక తిండి బిళ్ళ. ఆ బిళ్ళలు చేతితో చేసుకోవాలి, అదో పెద్ద చాకిరీ. ఒక శనివారం లెక్క చూసుకుంటే సోమవారం దాకా సరిపోయేలా లేవు. సరే, నిమిషానికి ఒకటే ఇద్దామనుకున్నాడు. ఎలుక మానేస్తుందేమో అనుకుంటే నొక్కుతూనే పోయింది. ప్రతిసారీ దొరికినదానికంటే అప్పుడప్పుడూ దొరికినదాన్ని మాన్పించడం ఎంతో కష్టమని ఆ తర్వాత ఆయనా, ఇంకా ఎంతోమందీ తేల్చారు.

ఇక మన ఇంటికి రండి. అన్నం దగ్గర ఫోన్ కావాలంటుంది పిల్ల. మొదటిసారి "లేదు". రెండోసారి "చెప్పానా, లేదని". నాలుగోసారి కిందపడి దొర్లుతుంది, లోపల కుక్కర్ కూస్తుంటుంది, ఎవరో తలుపు కొడతారు. "సరే, ఈ ఒక్కసారికే." ఆ ఒక్కసారితో పిల్ల నేర్చుకున్నది ఏమిటి? నాలుగుసార్లు ఏడవాలని. ఇంకో రోజు గట్టిగా నిలబడి ఆరోసారికి ఇస్తే, ఆరుసార్లు ఏడవాలని. మనం గట్టిగా నిలబడే కొద్దీ, చివర్లో ఇచ్చేస్తే, దాని ఓపిక పెరుగుతుంది. ఆగడం చేతకాని పిల్లలంటాం గానీ, ఏడుపు విషయంలో వాళ్ళంత పట్టుదల ఎవరికుంటుంది?

ఇవ్వడం పూర్తిగా మానేస్తే మొదట్లో ఏడుపు తగ్గకపోగా ఇంకా పెరుగుతుందని కూడా ఆ ప్రయోగాలే చెప్తాయి. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. ఈ పద్ధతి మన దగ్గర పనిచేయదు అనేది ఆ రోజుల్లోనే.

దీనికి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలట. అమ్మ కాదంటే నాన్నా కాదనాలి, తాతయ్య, నాయనమ్మ అంతా కాదనాలి. వినడానికి బాగుంటుంది. మా ఇంట్లో మా మామయ్యగారి చేత ఆ మాట అనిపించడం కంటే శ్రీశైలం మల్లన్న చేత అనిపించడం తేలిక. సాయంత్రం వాకింగ్ నుంచి వస్తూ ఆయన జేబులో ఒక పల్లీపట్టి ఉండి తీరాలి. చాలాకాలం దీని మీద ఇంట్లో టెన్షన్ నడిచింది. తర్వాత నాకు అర్థమైంది, పిల్లకు దీంతో ఏ ఇబ్బందీ లేదని. పల్లీపట్టి తాతయ్య దగ్గర దొరుకుతుంది, సాయంత్రం దొరుకుతుంది, ఒకటే దొరుకుతుంది. నన్ను అడగదు. ఆకుపచ్చ దీపం వెలిగినప్పుడే మీటను ముక్కుతో పొడవాలని స్కిన్నర్ పావురాలు కూడా నేర్చుకున్నాయి కదా. ఇల్లంతా ఒకే రూలు మీద నడవక్కర్లేదు. ఎవరి మాట వాళ్ళది నిలకడగా ఉంటే పిల్లలు ఎవరి దగ్గర ఏది నడుస్తుందో చక్కగా తెలుసుకుంటారు. తికమకపెట్టేది నిన్న ఒకలా ఇవాళ ఒకలా ఉండే ఒకే మనిషి.

కొట్లో మాత్రం ఈ సూత్రం ఎందుకూ పనికిరాదు. "ఇవాళ చాక్లెట్ కొనను" అని చెప్పి, అది రాగం తీస్తుంటే గుండె రాయి చేసుకుని నిలబడతాను. కొట్టాయన కౌంటర్ మీద నుంచి వంగి ఒక కాఫీ బైట్ దాని చేతిలో పెడతాడు. "పోనీలేమ్మా, చిన్నపిల్ల, డబ్బులేం వద్దు." ఆయన మంచితనాన్ని ఏమంటాం?

హాస్టల్లో పడేస్తా

నెరవేరని మాటల్లో వాగ్దానాల కంటే బెదిరింపులే ఎక్కువ. పోలీసుకి పట్టిస్తా, డాక్టరు చేత సూది వేయిస్తా, బిచ్చగాడికి ఇచ్చేస్తా. నెరవేర్చే ఉద్దేశం ఎవరికీ ఉండదు కాబట్టి ఇవి ఉత్త మాటలే అనుకుంటాం. పిల్లలకు ఆ సంగతి కొన్నాళ్ళకు తెలిసిపోతుంది కూడా. ఆ తర్వాత బెదిరింపు పనిచేయదు, భయం మాత్రం మిగిలిపోతుంది.

జాన్ వాట్సన్, రోజలీ రేనర్ 1920లో ఆల్బర్ట్ అనే పసివాడి మీద చేసిన ప్రయోగం ఇవాళైతే ఎవరూ చేయనివ్వరు. తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వాడి వెనక ఇనప కడ్డీని సుత్తితో మోదారు. కొన్నిసార్లకే ఎలుకను చూస్తే ఏడవడం మొదలుపెట్టాడు. తర్వాత కుందేలును చూసినా, బొచ్చుకోటు చూసినా అంతే. ఆ భయాన్ని తీసేయకుండానే బిడ్డను పంపేశారు. ఒక్క బిడ్డ మీద చేసిన పని, దాని మీద ఆక్షేపణలు కావలసినన్ని ఉన్నాయి. దేనికి దేన్ని జోడిస్తే దాని భయం పట్టుకుంటుందన్న సంగతి మాత్రం మన ఇళ్ళలో రోజూ రుజువవుతూనే ఉంది. పోలీసు పట్టుకుపోతాడని పదిసార్లు విన్న పిల్ల జాతరలో తప్పిపోతే, ఖాకీ చొక్కా కనపడగానే ఇంకో వైపు పరిగెడుతుంది. మైకులో దాని పేరు చదివి మనకు అప్పగించాల్సింది ఆ మనిషే.

తెలుగువాళ్ళ ఇళ్ళలో బాగా వినపడే బెదిరింపు ఇంకొకటుంది. హాస్టల్లో పడేస్తా. మా పెద్దమ్మ మనవడు ఒకటో తరగతి నుంచీ ఈ మాట వింటూ పెరిగాడు. హోంవర్క్ చేయకపోతే హాస్టల్, పాలు ఒలకబోస్తే హాస్టల్, చెల్లిని కొడితే హాస్టల్. వాడు మంచి పిల్లాడు, టెన్త్‌లో మంచి మార్కులు కూడా వచ్చాయి. ఇంకేముంది, అందరిలాగే ఎంపీసీలో చేర్చడానికి ఊరవతల క్యాంపస్ చూసి ఫీజు కట్టొచ్చారు. ట్రంకు పెట్టె, బకెట్టు, పరుపు కొన్నారు. అన్నీ హాల్లో సర్దుతుంటే వాడు వచ్చి నిలబడి అడిగిన ప్రశ్న మా కుటుంబంలో ఇప్పటికీ అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. "ఇప్పుడు నేనేం తప్పు చేశా?"

నాకు నవ్వు రాదు. పదేళ్ళపాటు శిక్ష అని చెప్పినదాన్నే బహుమానం అని చేతిలో పెడితే వాడు ఏ మాట నమ్మాలి? అక్కడ వారానికొకసారి ఫోన్, తెల్లారకముందే స్టడీ అవర్, పప్పులో నీళ్ళు, ఇవన్నీ ఏ హాస్టల్లోనైనా ఉండేవే. ఇష్టపడి వెళ్ళినవాడు కూడా మొదటి నెల ఏడుస్తాడు. వీడు ఏడ్చింది మాత్రం ఇంట్లోంచి వెళ్ళగొట్టారని. "నీ మంచికే కదరా" అని వాళ్ళమ్మ ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా ఆ మాటకు అప్పటికే విలువ లేకుండా పోయింది.

మాటంటే మాటే అన్నవాళ్ళ సంగతి

ఇంతవరకు చదివి, "అయితే అన్న ప్రతి మాటా చేసి చూపిస్తే సరిపోతుందా" అని ఎవరైనా అడిగితే నా వాదం ఇరుకున పడుతుంది. మా తాతయ్య అలాంటివాడే. దీపాలు పెట్టే వేళ దాటి ఇంటికొస్తే అన్నం లేదంటే లేదు, అంతే. ఎవరు బతిమాలినా వినడు. ఆయనంత నిలకడగల మనిషిని నేను చూడలేదు. మా నాన్నకు అరవై దాటాయి, ఇవాళ్టికీ ఆయన ఫొటో ఉన్న గదిలో గొంతు తగ్గించే మాట్లాడతాడు. డయానా బామ్‌రిండ్ అనే సైకాలజిస్టు 1960ల నుంచీ చెప్తూ వచ్చింది ఈ తేడా గురించే. కచ్చితంగా ఉంటూ దగ్గరికి తీసుకునే తల్లిదండ్రులు వేరు, కచ్చితంగా మాత్రమే ఉండేవాళ్ళు వేరు. నిలకడ ఒక్కటే చాలదని ఒప్పుకోవాల్సిందే. చెడ్డ మాటను నిలబెట్టుకోవడం కంటే అనకుండా ఉండడం మేలు.

మంచి మాటను నిలబెట్టుకున్నా చిక్కొచ్చే సందర్భాలున్నాయి. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో చేసిన ప్రయోగం కూడా ఆ బింగ్ నర్సరీలోనే. స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడం ఇష్టపడే పిల్లల్ని ఏరి, కొందరికి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. కొద్ది రోజుల తర్వాత పెన్నులు మామూలుగా బల్ల మీద పెడితే, ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సగంసేపే వాటితో గడిపారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకు ఏ నష్టమూ లేదు.

మా కింద ఫ్లాట్ వాళ్ళ అమ్మాయికి ముగ్గులంటే పిచ్చి. ధనుర్మాసం చలిలో ఎవరూ లేపకుండా లేచి మెట్ల దగ్గర చుక్కలు పెట్టేది. వాళ్ళ నాన్న మురిసిపోయి ముగ్గుకు పది రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టాడు, రోజూ తప్పకుండా ఇచ్చాడు. తర్వాతి ఏడాది నెల పట్టగానే ఆ పిల్ల దుప్పట్లోంచే అడిగిందట, "ఈసారి ఎంత?" అని. ఆయన మాటలో ఏ లోపమూ లేదు. ఇవ్వక్కర్లేని చోట ఇచ్చాడంతే. ఫస్టొస్తే సైకిల్ కొనిస్తా అనే నాన్నలకు ఇది చెప్పబోతే, "ఆ మాత్రం ఆశ పెట్టకపోతే పుస్తకం ముట్టడండీ" అంటారు. నిజమే కావచ్చు. ఇష్టం లేని పనికి బహుమానం పనిచేస్తుంది, ఎక్కాలు కంఠస్థం చేయించడానికి నాకూ అభ్యంతరం లేదు. ఎటొచ్చీ సెకండొచ్చిన రోజు ఆ సైకిల్ ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి.

అందుకే చివరికి నేను తేల్చుకున్నది చాలా చిన్న విషయం. తక్కువ మాటలివ్వడం. "రేపు కొంటా" బదులు "కొనను" అనడం. "చూద్దాంలే" అని దాటేయకపోవడం. "హాస్టల్" అనే ముందు నోరు మూసుకోవడం. చెప్పినంత తేలిక కాదు, "కొనను" అన్న వెంటనే వచ్చే ఏడుపును భరించాలి. "రేపు" అంటే ఆ ఏడుపు రేపటికి పోతుంది, అందుకే ఆ మాట మనకంత ఇష్టం.

జీతం రోజు

మాట నిలబెట్టుకోవడం సొంత గుణమన్నట్టు ఇంతసేపూ రాశాను. అది డబ్బుతో కూడిన సంగతని నాకు మా ఇంట్లో పనిచేసే ఆవిడ వల్ల తెలిసింది. వాళ్ళబ్బాయి నాలుగో తరగతి. బూట్లు చిరిగిపోయాయి, ఒకటో తారీకు జీతాలు రాగానే కొంటానని చెప్పింది. ఆమె మా అపార్ట్‌మెంట్లో మరో మూడిళ్ళలో చేస్తుంది. ఒక ఇంట్లో "చిల్లర లేదు, ఎల్లుండి చూద్దాం" అన్నారు. ఇంకో ఇంటివాళ్ళు పండక్కి ఊరెళ్ళారు, వచ్చాక ఇస్తామన్నారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు, ఎవరూ ఎగ్గొట్టరు. "వాడు నన్ను నమ్మడం మానేశాడమ్మా. ఒకటో తారీకంటే ఏ నెల ఒకటో తారీకే అంటున్నాడు" అంది గిన్నెలు బోర్లిస్తూ.

వాట్స్ పత్రంలో కుటుంబ పరిస్థితులు అని ఒక్క ముక్కలో రాసింది ఇలాంటిదే కావచ్చు. ఆ పిల్లాడి ముందు రేపు ఒక మిఠాయి పెట్టి ఆగమంటే ఆగడు. వాడికి ఓర్పు నేర్పాలని తల్లికి ఉపన్యాసం ఇవ్వడం ఎంత తేలికో! ఆమె మాట తప్పలేదు, తప్పింది మేడ మీది ఇళ్ళవాళ్ళం.

మా వాచ్‌మన్ జీతం కూడా ఇదే కథ. మెయింటెనెన్స్ వసూలైతేనే ఇస్తారు. అందరూ ఆలస్యంగా కడుతున్నారని పోయినేడు వంద రూపాయల లేట్ ఫీజు పెట్టారు. ఉరి నీజీ, ఆల్డో రుస్టికీని అనే ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించిన ఇజ్రాయెల్ డేకేర్ల కథ తెలిసి ఉంటే పెట్టేవాళ్ళు కాదేమో. హైఫాలో సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు ఆరు డేకేర్లలో 10 షెకెళ్ళ జరిమానా పెట్టారు. ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. టీచరు మన కోసం కూర్చుని ఉంటుందన్న మొహమాటం పోయి, డబ్బు కడుతున్నాం కదా అన్న ధీమా వచ్చింది. జరిమానా తీసేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు. మా దగ్గరా అంతే. ఇదివరకు సెక్రటరీ గారు లిఫ్టులో కనపడితే తలదించుకునేవాళ్ళు ఇప్పుడు "వంద వేసే పంపుతాలెండి" అని హాయిగా పదిహేనో తారీకుకు కడుతున్నారు. వాచ్‌మన్ జీతం కూడా దాని వెనకే జరుగుతోంది. అతనికి ఇద్దరు ఆడపిల్లలు.

అపార్ట్‌మెంట్ కోసం అందరూ కలిసి దాచిపెట్టిన కార్పస్ ఫండ్‌లో డబ్బుంది. అందులోంచి జీతాలు ఒకటో తారీకునే ఇచ్చేసి, మెయింటెనెన్స్ వచ్చినప్పుడు దాంట్లో జమ చేసుకుందామని పోయిన వారం సెక్రటరీ గారితో అన్నాను. మంచి ఆలోచనేనమ్మా, మీటింగ్‌లో పెడదాం అన్నారు. ఏ తారీకు మీటింగ్ అని అడిగితే, త్వరలోనే అన్నారు.